రైల్వే టైంటేబుల్‌తో తరంగాలను అడ్డుకున్న ఆచార్యుడు జగదీశ్ చంద్ర బోస్

రైల్వే టైంటేబుల్ పుస్తకాన్ని ప్రయాణానికి తప్ప మరో పనికి వాడవచ్చని ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఎవరికీ తోచదు. అయితే ఆ ఊరు రైల్వే పట్టణంగా రూపు దిద్దుకుంటున్న దశాబ్దంలోనే, అక్కడికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కలకత్తాలో ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్‌ను చేతిలోకి తీసుకొని, పుటల మధ్య తగరపు రేకులు పొదిగి, దానిని శాస్త్ర పరికరంగా మార్చారు. కంటికి కనిపించని విద్యుత్ తరంగాలు ఆ పుస్తకాన్ని ఒక వాటంగా నిలబెడితే దాటిపోయేవి, తొంభై డిగ్రీలు తిప్పితే అక్కడే ఆగిపోయేవి. ఆ ఆచార్యుడు జగదీశ్ చంద్ర బోస్.

ఖరగ్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు కొలువుల కోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు ప్రధానంగా వినిపించిన పేరు ఆ పట్టణానిదే. అదే ఊరిలో, హిజ్లీ వైపు, దేశంలో మొట్టమొదటి ఐఐటీ ఉంది. అందులో ఒక విద్యార్థి వసతి గృహానికి బోస్ పేరు పెట్టారు. కంప్యూటర్ ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి నడిపించే ఓవర్‌క్లాకింగ్, వేలకు వేలు పోసి కొన్న హెడ్‌ఫోన్‌లో ఏ వాద్యం ఏ దిక్కున మోగుతున్నదో పోల్చుకుంటూ వినడం, ఈ రెండూ ప్రపంచమంతటా ఇంజనీరింగ్ విద్యార్థులకు తెలిసిన వ్యాపకాలు. ఒకటి చిప్‌కు సంబంధించినది, మరొకటి చెవికి సంబంధించినది. రెంటి వంశవృక్షాలనూ వెనక్కి వెదుక్కుంటూ పోతే, ఒక దశలో గెలీనా అనే సీసపు ఖనిజపు చిన్న ముక్క దగ్గర అవి కలుస్తాయి. రేడియో తరంగాలను పట్టే సాధనంగా ఆ ముక్కకు తొలి పేటెంటు పొందినవారు బోస్. ఆ పేటెంటును సొమ్ము చేసుకోవడానికి ఇష్టపడనివారూ ఆయనే.

బోస్ 1858 నవంబరు 30న మైమన్‌సింగ్‌లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వ ఉన్నతోద్యోగి, బ్రహ్మసమాజీయుడు. తల్లి వామాసుందరీ దేవి. హోదా కలిగినవారి పిల్లలు ఇంగ్లీషు బడికే వెళ్లే రోజుల్లో భగవాన్ చంద్ర కుమారుణ్ణి బెంగాలీ బడికి పంపారు. ఇంగ్లీషు కంటే ముందు మాతృభాష, తోటి జనం తెలియాలన్నది ఆయన నమ్మకం. ఆ బడిలో బాలునికి ఒక పక్క తండ్రి కొలువులోని ముస్లిం పరిచారకుని కొడుకు, మరో పక్క జాలరి కొడుకు కూర్చునేవారు. బడికి తీసుకువెళ్లే మనిషి జైలుశిక్ష ముగించుకొని వచ్చిన ఒకప్పటి బందిపోటు. అతనికి బతుకుతెరువు చూపినవారు కూడా భగవాన్ చంద్రే. ఆ బందిపోటు కథలు వింటూ, జాలరి కొడుకు చెప్పే జలచరాల ముచ్చట్లు వింటూ బాల్యం గడిచింది.

తరువాతి కాలంలో బోస్ చేతిపనికి పునాది పడినది బర్ద్వాన్‌లో. అక్కడ విషజ్వరాలు ప్రబలి ఎందరో పిల్లలు అనాథలైనప్పుడు భగవాన్ చంద్ర వారికోసం వడ్రంగం, లోహపు పని నేర్పే కార్ఖానా తెరిచారు. ఆ పనిముట్ల మధ్య తిరిగిన కుర్రవాడికి కొలిమి, చిత్రిక, తరిమెన పట్టు పరిచయమయ్యాయి. ఆ తరువాత కలకత్తాలో హేర్ స్కూలు, సెయింట్ జేవియర్స్. జేవియర్స్ కళాశాలలో ఫాదర్ లాఫోఁ అనే జెసూట్ అధ్యాపకుడు భౌతికశాస్త్రాన్ని బల్లమీద ప్రయోగాలు చేసి చూపేవారు. పుస్తకంలో ఉన్న విషయం కళ్లముందు జరిగేలా చూపడం బోస్ నేర్చుకున్నది ఆయన దగ్గరే.

1880లో బోస్ వైద్యం చదవడానికి లండన్ చేరుకున్నారు. ఐసీఎస్ పరీక్షకు కూర్చోవాలని ఆయనకు ఉండేది. పాలకుడు కావద్దని, పండితుడు కావాలని తండ్రి వారించారు. శవపరీక్ష గదుల వాసనకు పాతజ్వరం తిరగబెట్టడంతో వైద్యం మానుకొని కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతి శాస్త్రాలు అభ్యసించారు. అక్కడి గురువులలో లార్డ్ రేలీ ఒకరు. ఆ గురుశిష్య సంబంధం బోస్‌కు జీవితాంతం అక్కరకు వచ్చింది. 1884లో కేంబ్రిడ్జి పట్టా చేతికి వచ్చింది. మరుసటి ఏడు స్వదేశానికి తిరిగివచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరారు.

ఆ చేరిక సాఫీగా జరగలేదు. భారతీయుడు విజ్ఞానశాస్త్రం బోధించలేడన్నది విద్యాశాఖ అధికారుల ధీమా. ఐరోపా ఆచార్యునికి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయునికి ఇచ్చేవారు. నియామకం తాత్కాలికమనే సాకుతో బోస్‌కు అందులోనూ సగానికి కోత పెట్టారు. అంటే ఒకే తరగతి గదిలో ఒకే పాఠానికి మూడో వంతు జీతం. బోస్ దరఖాస్తులు రాయలేదు, రాజీనామా ఇవ్వలేదు. ప్రతి రోజూ కళాశాలకు వెళ్లి పాఠం చెప్పారు, ప్రతి నెలా జీతం మాత్రం తీసుకోవడానికి నిరాకరించారు. ఇలా మూడేళ్లు సాగింది. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి, నియామకాన్ని ఖాయం చేసి, వెనుకటి తేదీ నుంచి పూర్తి జీతం చెల్లించింది.

ఈ పట్టుదల కలవారి బిడ్డ పంతమని అనుకుంటే పొరపాటు. తేయాకు తోటల వంటి వ్యాపారాలలోనూ, స్వదేశీ పరిశ్రమల ప్రయత్నాలలోనూ భగవాన్ చంద్ర చేతులు కాల్చుకున్నారు. అప్పులు పేరుకుపోయాయి. ఆ అప్పులు తీర్చవలసిన కుమారుడు మూడేళ్ల పాటు జీతం ముట్టుకోలేదన్నమాట. బకాయిగా వచ్చిన సొమ్ము అప్పులవారికే చేరింది. ఆ జీతం లేని కాలంలోనే, 1887లో, బోస్ వివాహం అబలా దాస్‌తో జరిగింది. ఆమెది ఆ కాలానికి అరుదైన చదువు. కలకత్తా వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకోని రోజుల్లో ఆమె వైద్యం చదవడానికి మద్రాసు వెళ్లారు. అనారోగ్యం వల్ల చదువు పూర్తికాలేదు. కలకత్తాలో అద్దె భారమై ఆ దంపతులు కొంతకాలం హుగ్లీ నది ఒడ్డున చందర్‌నగర్‌లో కాపురం పెట్టారు. బోస్ స్వయంగా పడవ తోలుకొని నది దాటి రైలు ఎక్కేవారు. పడవను తిరిగి ఇంటి రేవుకు నడిపించే బాధ్యత అబలది.

బోధన, అప్పులు, ఫొటోగ్రఫీ సరదా, సెలవుల్లో భార్యతో కలిసి కెమెరా మోసుకుంటూ చారిత్రక ప్రదేశాల యాత్రలు. దాదాపు పదేళ్లు ఇలా గడిచాయి. ఆయన పేరిట చెప్పుకోదగ్గ పరిశోధన ఒక్కటీ లేదు. 1894లో, తన 36వ పుట్టినరోజున, మిగిలిన జీవితాన్ని కొత్త జ్ఞానాన్వేషణకు ఇవ్వాలని బోస్ నిశ్చయించుకున్నారు. హెర్ట్జ్ కనుగొన్న విద్యుత్ తరంగాలపై ఇంగ్లండ్‌లో ఆలివర్ లాడ్జ్ వెలువరించిన రచన అప్పటికి ఆయన చేతికి వచ్చింది. కళాశాలలో పరిశోధనశాల లేదు. స్నానాలగదిని ఆనుకొని ఉన్న ఇరుకు గదిలో పని మొదలైంది. పరికరాలు చేయడానికి ఒక రేకుల పనివాణ్ణి కుదుర్చుకున్నారు. అతనికి శాస్త్రం తెలియదు, ఆచార్యునికి ఏం కావాలో తెలుసు. ఖర్చు సొంత జేబునుంచి. నేడు విడిభాగాలు ఏరి తెచ్చుకొని గదిలోనే కంప్యూటర్ బిగించుకునే కుర్రవాడికి ఈ ఏర్పాటు వింతగా అనిపించకపోవచ్చు.

ఆ గదిలో జరిగిన పని మాత్రం వింతే. హెర్ట్జ్ తరంగాలు బారెడు, అంతకు మించిన పొడవున్నవి. వాటికి కాంతి లక్షణాలు ఉన్నాయని తేల్చాలంటే గదికి సరిపోని అద్దాలు, పట్టకాలు కావాలి. బోస్ తరంగాన్నే కుదించారు. మెరుపురవ్వను పుట్టించే గోళీలను చిన్నవి చేసి, తరంగం పొడవును 5 మిల్లీమీటర్ల వరకు దించారు. అంటే సెకనుకు 6,000 కోట్ల కంపనాలు, నేటి లెక్కలో 60 గిగాహెర్ట్జ్. అటువంటి తరంగాలతో ప్రయోగం చేయడానికి బల్లమీద పట్టే పెట్టె చాలు. రేకుతో చేసిన గొట్టాలు తరంగాలను దారి తప్పకుండా నడిపించేవి. గరాటు ఆకారపు మూతి వాటిని పోగుచేసేది. తరంగ మార్గదర్శి, హార్న్ యాంటెన్నా అని ఈనాటి ఇంజనీర్లు పిలిచేవి అవే. ధ్రువణం చూపడానికి టైంటేబుల్ పనికివచ్చింది. ఆ ధ్రువణ తలాన్ని తిప్పి చూపడానికి బెంగాల్ పొలాల్లో పండే జనపనారను మెలిపెట్టి వాడారు. కుడి మెలిక ఒకవైపుకు, ఎడమ మెలిక మరోవైపుకు తిప్పేది. చేతికి అందిన ప్రతి వస్తువునూ పరికరంగా మలచుకోవడం బోస్ ప్రత్యేకత.

1895లో కలకత్తా టౌన్‌హాలులో బహిరంగ ప్రదర్శన జరిగింది. లెఫ్టినెంట్ గవర్నర్ సభలో ఉన్నారు. బోస్ పంపిన తరంగాలు ఆ పెద్దమనిషి శరీరాన్నీ, మధ్యనున్న గోడలనూ దాటుకొని సుమారు 75 అడుగుల దూరంలో గంట మోగించాయి, తుపాకి పేల్చాయి, మందుగుండు అంటించాయి. తీగ లేకుండా సంకేతం వెళ్లడం జనం కళ్లారా చూశారు. అదే ఏడు మే నెలలో బోస్ తొలి పరిశోధన పత్రం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. తరువాతి పత్రాలు లార్డ్ రేలీ ద్వారా లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. 1896లో లండన్ విశ్వవిద్యాలయం డీఎస్సీ పట్టా ఇచ్చింది. 1897 జనవరి 29న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, ఫారడే ప్రారంభించిన శుక్రవారపు సభల పరంపరలో, బోస్ తన రేకు పరికరాలను బల్లమీద పేర్చి ప్రయోగాలు చేసి చూపారు. పరికరం లోగుట్టును ఆయన ఏ మాత్రం దాచలేదు. దానితో లెక్కలేనంత డబ్బు చేసుకోవచ్చని సభలో ఉన్నవారికి ఆశ్చర్యం. ఆ ఊసే ఆయనకు పట్టలేదు.

ఇక్కడ కొంచెం ఆగి, శ్రవణం సంగతి చెప్పుకోవాలి. తరంగం వచ్చి తాకినా, అది వచ్చిందని తెలిపే సాధనం లేకపోతే ప్రయోజనం లేదు. ఆ కాలపు సాధనం కోహిరర్. లోహపు పొడి నింపిన గొట్టం అది. తరంగం తగలగానే పొడి అతుక్కుపోయి విద్యుత్తును పోనిచ్చేది. మళ్లీ పనిచేయాలంటే తట్టి విడదీయాలి. ప్రతి సంకేతానికీ ఒక తట్టు. 1899లో బోస్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, తట్టనక్కరలేకుండా తనంతట తానే తేరుకునే సాధనాన్ని వర్ణించారు. ఇనుము, పాదరసం, మళ్లీ ఇనుము. దానికి జోడించినది టెలిఫోను రిసీవర్. సూచిక ముల్లును కంటితో చూసే చోట ఇప్పుడు చెవి వచ్చింది. తరంగాన్ని వినడం మొదలైంది.

1901 డిసెంబరు 12న న్యూఫౌండ్‌లాండ్‌లో మార్కోని అట్లాంటిక్ సముద్రానికి ఆవలి నుంచి వచ్చిన సంకేతాన్ని విన్నట్లు ప్రకటించినప్పుడు ఆయన చెవి దగ్గరున్నది టెలిఫోను రిసీవరే. దానికి కలిపినది పాదరసపు డిటెక్టర్. ఇటలీ నౌకాదళపు పరికరమని దానికి పేరు వచ్చింది. అప్పుడే ఇటలీలో దాని జన్మస్థానం గురించి తగవు లేచింది. దాదాపు వందేళ్ల తరువాత, 1998లో, అమెరికాకు చెందిన ఐఈఈఈ సంస్థ పత్రికలో ప్రొబీర్ బంద్యోపాధ్యాయ్ ఆ పరికరపు మూలం బోస్ 1899 నాటి పత్రంలో ఉందని వాదించారు. రేడియోను కనిపెట్టినవారు ఎవరన్న ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పడం న్యాయం కాదు. హెర్ట్జ్, లాడ్జ్, పోపోవ్, మార్కోని, బోస్, అందరి పాలూ ఉంది. బోస్ చేసినది సముద్రాలు దాటే టెలిగ్రాఫ్ కాదు. అయితే ఆ టెలిగ్రాఫ్‌కు వినే చెవిని ఇచ్చినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు.

గెలీనా సంగతి అంతకంటే ముఖ్యమైనది. కొన్ని లోహ గంధకాలలో విద్యుత్తు ఒక దిశలో తేలికగా, మరో దిశలో కష్టంగా ప్రవహిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త బ్రౌన్ 1874లోనే గమనించారు. అది తరంగాలను పట్టే పనికి ఉపయోగపడుతుందని గ్రహించి, వాడి చూపినది బోస్. గెలీనా ముక్క మీద లోహపు మొన ఆనిస్తే చాలు, రేడియో తరంగానికీ, వెలుతురుకూ కూడా అది స్పందించేది. తేజస్సు అన్న మాట నుంచి దానికి తేజోమీటర్ అని పేరు పెట్టారు. కంటికి అందే వెలుగునూ అందని వెలుగునూ ఒకే సాధనం పసిగట్టడం ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

1901 మే నెలలో లండన్‌లో ఉపన్యాసానికి కొద్దిగా ముందు, ఒక టెలిగ్రాఫ్ కంపెనీకి చెందిన కోటీశ్వరుడు పేటెంటు దరఖాస్తు చేతబట్టుకొని బోస్ దగ్గరకు వచ్చారు. అన్నీ ఉపన్యాసంలో బయటపెట్టవద్దని, లాభంలో వాటా పంచుకుందామని ఆయన ప్రతిపాదన. బోస్ తిరస్కరించారు. ఈ ఉదంతాన్ని మిత్రుడు రవీంద్రనాథ్ టాగోర్‌కు రాసిన ఉత్తరంలో వివరించి, ఆ దేశంలో ధనాశ ఎంతగా కమ్ముకున్నదో చూసి నివ్వెరపోయానని, ఆ ఉచ్చులో ఒకసారి చిక్కితే బయటపడడం ఉండదని విచారపడ్డారు. నివేదిత, అమెరికన్ శ్రేయోభిలాషి సారా బుల్ మాత్రం పట్టు విడవలేదు. వారి ఒత్తిడి మీద 1901 సెప్టెంబరు 30న అమెరికాలో దరఖాస్తు దాఖలైంది. 1904 మార్చి 29న 755840 సంఖ్యతో పేటెంటు మంజూరైంది. అర్ధవాహక సాధనానికి వచ్చిన పేటెంట్లలో అదే మొదటిదని చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ హక్కులను బోస్ వాడుకోలేదు, కాలం చెల్లిపోనిచ్చారు.

ఇది సరైన నిర్ణయమేనా అన్న ప్రశ్న రాక మానదు. ఆ పేటెంటు ధనం కలకత్తాలో ఒక మంచి ప్రయోగశాలను ఇరవయ్యేళ్లు ముందుగా నిలబెట్టి ఉండేదేమో. ఆ పని చేయగలిగి ఉండీ చేయకపోవడంలో నష్టం ఆయన ఒక్కరిది కాదు. జీతం విషయంలో హక్కు కోసం మూడేళ్లు మొండికేసిన మనిషే, పేటెంటు దగ్గర హక్కును వదిలివేశారు. ఇందులో వైరుధ్యం ఉన్నట్లు కనిపిస్తుంది. జీతం పరువుకు సంబంధించినది, పేటెంటు లాభానికి సంబంధించినది అన్న తేడా ఆయన మనసులో స్పష్టంగా ఉండి ఉండాలి.

ఆయన వదిలిన చోట ఇతరులు అందుకున్నారు. అమెరికాలో పికార్డ్ వేల ఖనిజాలను పరీక్షించి 1906లో సిలికాన్ డిటెక్టర్‌కు పేటెంటు తీసుకున్నారు. 1920లలో రేడియో ప్రసారాలు మొదలయ్యేసరికి స్ఫటిక సెట్టు ఇంటింటి వ్యాపకమైంది. ఏరియల్ తీగ, అట్టగొట్టానికి చుట్టిన రాగితీగ, వేలిగోరంత గెలీనా, దాని మీద ఆనించే సన్నని తీగ, ఒక హెడ్‌ఫోన్. పిల్లి మీసం అని ఆ సన్నతీగకు ముద్దుపేరు. బ్యాటరీ అక్కరలేదు. గాలిలో వచ్చిన తరంగపు శక్తే చెవిలోని పలుచని రేకును కదిలించాలి. అందువల్ల హెడ్‌ఫోన్ ఎంత సున్నితమైనదైతే అంత దూరపు కేంద్రం వినిపించేది. మంచి హెడ్‌ఫోన్ మీద డబ్బు తగలేస్తున్నాడని ఇంట్లో చీవాట్లు తినడం ఆనాడే మొదలై ఉంటుంది. రాతిముక్క మీద చురుకైన బిందువు దొరికేదాకా మీసాన్ని అటూ ఇటూ జరుపుతూ, ఊపిరి బిగబట్టి వినడం, అందులోని ఆనందం, నేడు ఖరీదైన యాంప్లిఫయర్‌కు హెడ్‌ఫోన్ తగిలించి చెవి రిక్కించే వారికి చెప్పనక్కరలేదు. ఆధునిక హెడ్‌ఫోన్‌లోనూ సూత్రం పెద్దగా మారలేదు. బలహీనమైన విద్యుత్ కదలికను పలుచని పొర కంపనంగా మార్చడమే దాని పని.

కలకత్తా కేంద్రం 1927 ఆగస్టు 26న ప్రసారాలు ప్రారంభించింది. దాని శక్తి ఒకటిన్నర కిలోవాట్లు. నగరంలో, చుట్టుపక్కల ఊళ్లలో స్ఫటిక సెట్టుకు అది అందేది. ఖరగ్‌పూర్ వంటి దూరపు పట్టణాలకు నికరంగా వినాలంటే వాల్వు సెట్టు ఉండవలసిందే. అప్పటికి బోస్ వయసు 68 ఏళ్లు. ఆయన దృష్టి రేడియో నుంచి మళ్లి పాతికేళ్లయింది.

ఎందుకు మళ్లింది? కారణం డిటెక్టరే. పదేపదే తరంగాలు తగిలితే అది మందగించడం బోస్ గమనించారు. కొంతసేపు విశ్రాంతి ఇస్తే తేరుకునేది. కొన్ని రసాయనాలు తగిలిస్తే చురుకయ్యేది, మరికొన్నిటితో పూర్తిగా మొద్దుబారేది. ఆ ఎగుడుదిగుళ్లను గ్రాఫు గీస్తే, అలసిన కండరం గీసే రేఖలాగే కనిపించింది. లోహం అలసిపోతుందా? ఈ ప్రశ్న ఆయనను పట్టుకొని విడవలేదు. ఓవర్‌క్లాకింగ్ చేసేవారు ఈ ప్రశ్నను మరో రూపంలో ఎరుగుదురు. ప్రాసెసర్ గడియార వేగాన్ని పెంచాలంటే వోల్టేజి పెంచాలి. వోల్టేజి రెట్టింపైతే వేడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. పంఖాలు చాలక నీటి గొట్టాలు, నీళ్లు చాలక మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోస్తారు. 2022లో ద్రవ హీలియంతో చల్లబరచి ఒక ప్రాసెసర్‌ను 9 గిగాహెర్ట్జ్ దాటించారు. మోతాదు మించితే చిప్ లెక్క తప్పుతుంది, ఆగిపోతుంది, చల్లారనిస్తే మళ్లీ లేస్తుంది. ఏళ్ల తరబడి అలాగే తోలితే లోపలి లోహపు దారులు అరిగి ఇక ఎన్నటికీ లేవదు. పదార్థానికి ఓర్పు హద్దు ఎక్కడుందో వెదకడమే ఆ సరదా. బోస్ వెదకినదీ అదే. అయితే ఆయన ఆ హద్దు దగ్గర ఆగక, లోహానికీ జీవికీ మధ్య గీత ఉందా అని అడిగారు.

అక్కడే చిక్కు వచ్చింది. 1901 జూన్‌లో రాయల్ సొసైటీలో ఆ ఫలితాలు చదివినప్పుడు శరీరధర్మ శాస్త్రజ్ఞులు బర్డన్ శాండర్సన్, వాలర్ అభ్యంతరం చెప్పారు. భౌతికశాస్త్రజ్ఞుడు తన హద్దులో ఉండాలని, పత్రం పేరు మార్చుకోవాలని సలహా ఇచ్చారు. బోస్ ఒక్క అక్షరం మార్చనన్నారు. పత్రం అచ్చు కాకుండా నిలిచిపోయింది. సెలవు పొడిగించుకొని ఇంగ్లండ్‌లోనే ఉండి ప్రయోగాలు కొనసాగించడానికి డబ్బు కావాలి. టాగోర్ చొరవతో త్రిపుర మహారాజు రాధాకిశోర్ మాణిక్య సహాయం అందింది. 1902లో జీవ, నిర్జీవ పదార్థాల స్పందనపై గ్రంథం వెలువడింది. తరువాతి గ్రంథాల రచనలో నివేదిత రాత్రింబవళ్లు తోడు నిలిచారు.

ఆ తరువాతి జీవితం మొక్కలది. అత్తిపత్తి ఆకు ముడుచుకునే వేగాన్ని సెకనులో అతి చిన్న భాగాల దాకా కొలిచే యంత్రాలు, పెరుగుదలను 10,000 రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్, ఇవన్నీ కలకత్తా పనివారి చేతుల్లోనే రూపొందాయి. 1920లో లండన్‌లో ఆ యంత్రంపై అనుమానాలు లేవదీసినప్పుడు బోస్ నిపుణుల ఎదుట ప్రయోగం చేసి చూపారు. అదే ఏడు రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. మొక్కలలో విద్యుత్ సంకేతాలు ప్రసరిస్తాయన్న ఆయన మాట నిలిచింది. లోహానికి జీవం ఉన్నట్లు ధ్వనించే వ్యాఖ్యలను, మొక్కకు నరాలు ఉన్నాయన్న ప్రతిపాదనను శాస్త్రలోకం అంగీకరించలేదు. ఆయనను ఆరాధించేవారు ఈ రెంటినీ కలిపి చెప్పడం వల్ల నికరమైన పనికి కూడా చాలాకాలం చులకన జరిగింది.

1915లో కళాశాల నుంచి విరమించారు. 1917లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడు నవంబరు 30న, తన 59వ పుట్టినరోజున, బోస్ విజ్ఞాన మందిరాన్ని కలకత్తాలో జాతికి అంకితం చేశారు. వజ్రాయుధం దాని చిహ్నం. అక్కడ జరిగే పరిశోధన ఫలితాలకు పేటెంటు తీసుకోరాదన్న తన పాత నియమాన్ని ఆ మందిరానికీ వర్తింపజేశారు. ఆరేళ్ల ముందే కన్నుమూసిన నివేదిత స్మృతిగా, దీపం చేబూనిన స్త్రీమూర్తిని ద్వారం వద్ద మలచారు.

ప్రెసిడెన్సీలో బోస్, ప్రఫుల్లచంద్ర రాయ్ బోధించిన చివరి ఏళ్లలో చదువుకున్న వారిలో సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా ఉన్నారు. వారి సహాధ్యాయి జ్ఞాన్ చంద్ర ఘోష్ రసాయనశాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు.

బోస్ 1937 నవంబరు 23న గిరిడీహ్‌లో మరణించారు. మరో వారానికి 79 ఏళ్లు నిండేవి. పదేళ్లకు, 1947 డిసెంబరులో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జెర్మేనియం పలక మీద లోహపు మొనలు ఆనించి తొలి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. గెలీనా, పిల్లి మీసం అమరికకు అది దగ్గరి చుట్టం. ఆ ఆవిష్కర్తలలో ఒకరైన బ్రాటైన్ 1955లో అర్ధవాహకాల చరిత్ర రాస్తూ, రేడియో తరంగాలను స్ఫటికంతో పట్టిన తొలి వ్యక్తి బోస్ అని నమోదు చేశారు. పి, ఎన్ రకాల అర్ధవాహకాల ఊహ బోస్‌కు ముందే తట్టిందని, ఆయన తన కాలానికి అరవయ్యేళ్లు ముందున్నారని నోబెల్ గ్రహీత నెవిల్ మాట్ అభిప్రాయపడ్డారు. ఆనాటి గెలీనా ముక్క మీద ఉన్నది ఒకే ఒక్క మొన. ఈనాటి ప్రాసెసర్‌లో ట్రాన్సిస్టర్లు వందల కోట్లలో ఉంటాయి.

1951లో అబలా బోస్ కన్నుమూశారు. ఆ ఏడాదే ఆగస్టు 18న ఖరగ్‌పూర్ ఐఐటీని మౌలానా ఆజాద్ లాంఛనంగా ప్రారంభించారు. తరగతులు నడిచినది పాత హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో. 1931లో అక్కడ ఇద్దరు రాజకీయ ఖైదీలు పోలీసు కాల్పులకు బలైనప్పుడు కలకత్తా నిరసన సభలో మాట్లాడినవారు బోస్ మిత్రుడు టాగోర్. ఆ శిబిరాన్ని విద్యాలయంగా మార్చే బాధ్యతను తొలి సంచాలకుడిగా స్వీకరించినవారు జ్ఞాన్ చంద్ర ఘోష్. జగదీశ్ చంద్ర బోస్ పేరున్న వసతి గృహం ఆ ఆవరణలోనే ఉంది.